మా అన్నయ్య కొయ్యని తాడు

నా చిన్నప్పుడు శబరి నది పొంగి మా కొంట ఊరి రేవు మునిగిన రోజున, మా అన్నయ్య పళ్ళ మధ్య కత్తి కరుచుకుని వరదలోకి దూకి, మా మేనత్త ఎద్దుల తాళ్ళు కోసి, వాటిని ప్రాణాలతో ఒడ్డెక్కించాడని మా ఇంట్లో ఒక కథ ఉంది. పెళ్ళిళ్ళలో చెబుతారు, బారసాలల్లో చెబుతారు, కొత్త కోడలు కాపురానికి వచ్చిన వారం తిరగకుండా ఆమెకీ వినిపించేస్తారు. మొన్న అన్నయ్య మనవడి అన్నప్రాసనకి వెళితే మళ్ళీ విన్నాను. ఈసారి కథలోకి మొసలి కూడా వచ్చి చేరింది. ఇన్నేళ్ళూ కత్తిని భరించాను గాని, మొసలిని భరించడం నా వల్ల కాలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు మొసలి లేదు. కత్తి ఉన్న మాట నిజమే గాని, అది తాడు మొహం చూడలేదు. నీళ్ళలో ఉన్నది అన్నయ్య కాదు, నేను. ఎద్దులు బతికింది మా మేనత్త నేర్పిన ముడి వల్ల. చెల్లెలు అసూయతో మాట్లాడుతోందని అనేవాళ్ళు ఎలాగూ అంటారు. వాళ్ళ కోసం సాక్ష్యం కూడా ఉంది. అది ఎక్కడ ఉందో చివర్లో చెబుతాను, వెళ్ళి చూసుకోవచ్చు.

అప్పటికి మాది బస్తర్ రాజ్యం. కొంటలో మా నాన్నగారికి ఉప్పు, పొగాకు, బట్టల కొట్టు ఉండేది. అడవి వైపు నుంచి చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ వచ్చేవి. దిగువ నుంచి పడవల మీద ఉప్పు వచ్చేది. ఇంట్లో తెలుగు, కొట్లో దోర్లీ, సుంకం వసూలు చేసే నాకా దగ్గర హిందీ మాట్లాడేవాళ్ళం. బాజారు రోజున మూడూ ఒకే వాక్యంలో దొర్లేవి, ఎవరికీ తప్పుగా తోచేది కాదు.

ఆ ఊళ్ళో పశువుల దొంగలకి నది పెద్ద వరం. ఇవతలి ఒడ్డు మా రాజుగారిది, అవతలి ఒడ్డు వేరే ఏలుబడి. ఒక ఎద్దుని విప్పుకుని నది దాటించారంటే మా థానా సిపాయి ఇవతల నిలబడి తిట్టడం తప్ప చెయ్యగలిగింది లేదు. అందుకని రేవులో ఎద్దుని కట్టాల్సి వస్తే మా వర్తకులు ఒక ప్రత్యేకమైన ముడి వేసేవారు. కొట్లో దాన్ని తాళం ముడి అనేవాళ్ళం. ముడి మీద ముడి, దాని మీద అడ్డంగా ఇంకో చుట్టు, కొసని లోపలికి దూర్చేసి, పైన నీళ్ళు చిలకరించి బిగించడం. అడ్డతీగ నారతో పేనిన తాడు తడిస్తే ఉబ్బుతుంది. ఆ ముడి విప్పాలంటే దబ్బనం కావాలి, పళ్ళు కావాలి, ఒక పూట తీరిక కావాలి. తొందరుంటే కత్తి కావాలి. ఉప్పు బస్తాకీ అదే ముడి, బట్టల మూటకీ అదే ముడి, ఎద్దుకీ అదే ముడి. మా నాన్నగారు వేస్తే దేవుడు దిగివచ్చినా విప్పలేడని కొట్టు గుమాస్తాలు గొప్పగా చెప్పుకునేవారు. అన్నయ్యకి మీసాలు మొలవకముందే ఆ ముడి వచ్చింది. మీసాలకంటే దాన్నే ఎక్కువ దువ్వుకునేవాడు.

మా మేనత్త ఆ ముడిని చూస్తే మూతి తిప్పేది.

ఆమె నాన్నగారికి అక్క. ఆమె అత్తవారిది దిగువన పడవల వ్యాపారం. మామయ్య పోయాక పుట్టింటికి వచ్చేసింది. మామయ్య నదిలో పోయాడని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు, వినడానికి బాగుంటుందని. ఆయన జ్వరంతో, మంచం మీద పోయాడు. వచ్చేటప్పుడు అత్త నగలు అడగలేదు, పొలం అడగలేదు. ఒక బండి, రెండు ఎద్దులు తోలుకుని వచ్చింది. ఒకటి ఎర్రోడు, ఒకటి తెల్లోడు. ఆ బండి మీద మా కొట్టు సరుకే కాదు, ఊళ్ళో అందరి సరుకూ కిష్టారం సంతకీ, పైన తోంగ్‌పాల్ దాకానూ వెళ్ళేది. బాడుగ ఆమెది. తన బియ్యం తనే కొనుక్కునేది. తెల్లచీర కట్టుకున్న మనిషికి రేవులో పనేమిటని ఊళ్ళో గుసగుసలు పోయేవారు. ఆమె వాళ్ళ గుమ్మం ముందే బండి ఆపి, ఎద్దులకి నీళ్ళు పెట్టుకుని మరీ వెళ్ళేది.

ఒకసారి నాన్నగారు, బండి అమ్మేసి హాయిగా ఇంటిపట్టున ఉండమని మంచిగానే అన్నారు. అత్త చేస్తున్న పని ఆపలేదు. "ఈ రెండూ ఉన్నంతకాలం నేను నీకు అక్కను తమ్ముడూ. ఇవి పోయిన్నాడు నీ పెళ్ళాం చేతి ముద్దకోసం పీటేసుకుని కూచునే ముసలిదాన్నైత. అప్పుడు నువ్వు గూడ నన్ను అక్కా అని పిలవవు, 'మా ఇంట్ల ఉంటది' అంటవ్" అంది. నాన్నగారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అమ్మకి మాత్రం ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. అందులో నిజం ఉండడం వల్లేమో.

ఇక ముడి సంగతి. ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద గవ్వలాడుకుంటున్నాను. అత్త వచ్చి, చేతిలో ఉన్న తాడు ఒక కొస నా నడుముకి కట్టింది. రెండో వైపు అరుగు స్తంభానికి ఏదో తిప్పింది. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. "విప్పుకోని లోపలికి రా కోడలా, అన్నం పెడత" అని వెళ్ళిపోయింది.

నేను లాగాను. బిగిసింది. ఇంకా లాగాను. ఇంకా బిగిసింది. నడుము దగ్గర ముడి పట్టుకుని గోళ్ళతో గీకాను. చివరికి చెయ్యాల్సిన పని చేశాను, గొంతెత్తి ఏడ్చాను. అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏంది వదినా ఇది! ఆడపిల్లని గొడ్డులెక్క కట్టేస్తరా ఎవరన్న?" అంది. లోపలి నుంచి అత్త గొంతు వచ్చింది: "గొడ్డైతే ఇంతసేపు ఏడవదు మరదలా. చుట్టూ చూసుకుంటది." అన్నయ్య కొట్లోంచి తొంగి చూసి నవ్వాడు. ఆ నవ్వుతో నా ఏడుపు ఆగింది. వాడి ముందు ఏడవడం నాకు అప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడూ లేదు.

ఏడుపు ఆగాక చూశాను. స్తంభం దగ్గర తాడుకి రెండు దారులున్నాయి. ఒకటి బిగుతుగా నా నడుముకి వస్తోంది. రెండోది, జానెడు కొస, దేనికీ కట్టకుండా దూడ తోకలా వేలాడుతోంది. నేను ఇంతసేపూ బిగుతుగా ఉన్నదాన్నే లాగుతున్నాను. తోకలాంటి దాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. స్తంభం చుట్టూ ఉన్నదంతా చుట్టలు చుట్టలుగా జారి నా పాదాల మీద పడింది. స్తంభానికి ఏమీ లేదు, ఎప్పుడూ ఏమీ కట్టనట్టే నిలబడి ఉంది.

అన్నం మాట మరిచిపోయాను. మళ్ళీ కట్టమని అత్త కాళ్ళకి అడ్డం పడ్డాను. ఆమె నేర్పింది. తాడు కొస చుట్టూ తిప్పడం కాదు, తాడుని మడిచి ఆ మడతనే వాడాలి. మొదటి మడత గుంజ వెనక నుంచి రావాలి. ఎద్దు వైపు తాడుని మడిచి ముందు నుంచి అందులో దూర్చాలి. మిగిలిన కొసని మడిచి, ఆ రెండోదాంట్లో దూర్చాలి. ఎద్దు ఎంత గుంజితే అంత బిగుస్తుంది. వదిలేసిన కొస లాగినవాడికి మాత్రం క్షణంలో విడిపోతుంది. పడవలవాళ్ళు ఒడ్డుకి కట్టుకునేది ఇలాగేనట. గాలి తిరిగితే పడవ ముడి విప్పేదాకా ఆగదు కదా.

దొంగ కూడా ఆ కొస లాగితే, అని నేను అడిగాను. అడగకుండా ఉండే పిల్లని కాను. అత్తకి ఆ ప్రశ్న నచ్చింది. "దొంగకు ఏ కొసనో తెల్వదు. తెలిసినోడైతే ఆ ఎద్దుని చూసుకోను నువ్వుండాలె. ముడి ఏసి ఇంట్ల పండుకుంటమంటే ఎట్లనే? కాపలా ముడి కాయదు, మనిషి కాయాలె" అంది. నాన్నగారి కొట్లో అందరూ ముడికే కాపలా అప్పజెప్పి భోజనాలకి పోతారు. ఆమె కోపమంతా అక్కడే.

అన్నయ్యకి ముందే నేర్పబోయిందట. అల్లుడు నవ్వాడట, తుమ్మితే ఊడిపోతుందని. నన్ను ఎందుకు పట్టుకున్నావంటే, నీకు పట్టుదల ఎక్కువ, బుద్ధి తక్కువ, నేర్పడానికి అది చాలు అంది. ఆమె మెచ్చుకోలు అలాగే ఉండేది.

ఆ వేసవంతా నాకు తాళ్ళే ఆట. నూతిలో చేద జారిపోకుండా వేసే ముడి, అడ్డాకుల కట్టకి వేసేది, బట్టలు ఆరేసే తాడు కుంగితే బిగించుకునేది, బస్తా మూతికి వేసేది, అన్నీ నేర్పింది. తాడు కొసలు పీచు రేగకుండా దారం చుట్టడం నేర్పింది. ఆమె తాళ్ళన్నిటికీ చివర వేలెడు పొడవున పసుపు దారం చుట్టి ఉండేది, అది ఆమె గుర్తు. ఆ తరవాత నా కళ్ళకి గుడ్డ కట్టి అన్నీ మొదటి నుంచి వేయించింది. తాడు తడిపి తెచ్చి వేయించింది. చేతులు వెనక్కి పెట్టి వేయించింది. నేను విసుక్కుంటే, "ముడి అవసరం నీకు వెలుతురు చూసుకోని రాదు" అనేది.

ఆ రోజు బాజారు రోజు కాదు. దిగువ నుంచి ఉప్పు పడవ వచ్చింది. అత్త బండి గట్టు మీదే ఆపి, ఎద్దుల్ని విప్పి, నీళ్ళకి రేవులోకి దించి నా చేతికిచ్చింది. పడవలు కట్టే గుంజలకి కట్టమంది. మెడ పలుపుల దగ్గర తాడు పొద్దున ఆమే కట్టింది, అక్కడా జారే కొస వదిలే ముడే. గుంజ దగ్గర నేను కట్టాను, మొదటిసారి ఆమె ఎద్దుల్ని నా చేత్తో. రెండు గుంజలు, రెండు ముడులు. ఆమె వంగి చూసింది, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఛాతీ ఇంత చేసుకుని నిలబడ్డాను. ఆమె పలక మీద నడిచి పడవెక్కింది, ఉప్పు తడిసిందో లేదో చూడడానికి. బస్తా బస్తా విప్పించి, చెయ్యి పెట్టి చూస్తేగాని దించనిచ్చే మనిషి కాదు.

అన్నయ్య వచ్చాడు. నా ముడి చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇదేం ముడే? పిల్లి ముట్టుకున్నా ఊడిపోతది."

"ముట్టుకో చూద్దాం."

"రేవుల ఎద్దుని ఇట్ల కడతరా ఎవరన్న? అవతల గట్టుకి పోయినంక ఏడుస్తవా?"

నేను అడ్డం పడేలోగా తెల్లోడి గుంజ దగ్గర నా ముడి ఊడదీసి, తాడు కుదించి, తన తాళం ముడి బిగించాడు. పైన నీళ్ళు చిలకరించాడు కూడా. ఎర్రోడి దగ్గరికి వెళుతుంటే గట్టు మీద నుంచి నాకా సిపాయి ఏదో పనికి కేకేశాడు. ఆ సిపాయి పిలవబట్టి ఎర్రోడి తాడు నా ముడితోనే ఉండిపోయింది. అన్నయ్య పైకి వెళ్ళాడు. నేను కోపంతో ఎద్దులకి గడ్డి వేస్తూ అక్కడే ఉన్నాను.

కొంటలో ఎండ కాస్తూనే ఉంది. వాన పడింది ఎక్కడో పైన, ఒరిస్సా వైపు జైపూరు కొండల్లో. వరద ఎండలో వచ్చింది. ముందు నీళ్ళ రంగు మారింది. తరవాత ఆకులు, కొమ్మలు వచ్చాయి. ఆ వెనక ఒక చెట్టే వచ్చింది, వేళ్ళతో సహా. నాకా సిపాయి పైనుంచి "అరే, భాగో! పానీ చఢ్ గయా!" అని అరిచాడు. రేవులో ఉన్నవాళ్ళంతా ఎవరి మూట వాళ్ళు ఎత్తుకుని గట్టెక్కారు. పడవవాళ్ళు కొస లాగి తాడు విప్పుకున్నారు. పడవ అత్తతో సహా గిర్రున తిరిగి దిగువకి సాగింది.

అత్త పడవ అంచు పట్టుకుని నిలబడింది. ఆమె పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. "కోడలా! ఎర్రోడి కొస లాగు!"

లాగాను. అరుగు స్తంభం దగ్గర జారినట్టే జారింది. ఎర్రోడు తాడు ఈడ్చుకుంటూ ఒక్క దూకుతో గట్టెక్కేశాడు.

తెల్లోడి దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు నా నడుము దాటాయి. అన్నయ్య వేసిన ముడి నీళ్ళ కింద ఉంది. చేత్తో తడిమితే చింతపిక్కలా ఉంది, సందు లేదు. అన్నయ్య పైనుంచి పరుగున దిగాడు. నిజం చెప్పాలి, భయపడి పారిపోలేదు. నీళ్ళలోకి వచ్చాడు, తల ముంచి పళ్ళతో కూడా పట్టి చూశాడు. ఊడలేదు. తన చేత్తో తను వేసిన తాళం. "కత్తి తెస్త, నువ్వు పైకి రా!" అని అరిచి, కొట్టు వైపు పరుగెత్తాడు.

నేను పైకి వెళ్ళలేదు. ఎందుకంటే తెల్లోడు తల ఎత్తలేకపోతున్నాడు. అన్నయ్య తాడు కుదించాడు కదా. నీళ్ళు పెరిగేకొద్దీ వాడి మెడ కిందికే ఉండిపోయింది. ముక్కుపుటాలు ఒకసారి పైకి వచ్చేవి, బుస్సుమనేవి, మునిగిపోయేవి. కత్తి వచ్చేదాకా ఆగే లెక్క కాదది. నాకు అత్త మాట గుర్తొచ్చింది, ఇవి పోయిన్నాడు అన్న మాట. తెల్లోడు పోతే ఎర్రోడు ఒక్కడు బండి లాగలేడు. అత్త మా ఇంట్లో పీటేసుకుని కూర్చోవడం నా కళ్ళకి కనిపించింది. నేను మళ్ళీ ఆ ముడి మీదే పడి గీకడం మొదలుపెట్టాను, గోరు ఊడింది కూడా.

పడవ అప్పటికి దూరమైపోయింది. అయినా ఆ గొంతు వచ్చింది. నదిని దాటి, జనం కేకల్ని దాటి వచ్చింది.

"తాడుకి రెండు కొసలుంటయే, మొద్దుముండా! మెడ! మెడ చూడు!"

తిట్టు వింటే ధైర్యం వస్తుందని అప్పుడే తెలిసింది. తాడు పట్టుకుని గుంజ దగ్గర నుంచి ఎద్దు వైపు జరిగాను. మెడ నీళ్ళలో ఉంది, బురద నీళ్ళు, ఏమీ కనపడదు. తల ముంచి కళ్ళు మూసుకున్నాను. పలుపు దొరికింది. ముడి దొరికింది. బిగుతుగా ఉన్నది ఏది, వదులుగా ఉన్నది ఏది. పసుపు దారం చుట్టిన కొస వేళ్ళకి గరుగ్గా తగిలింది. లాగాను.

తెల్లోడి తల నీళ్ళలోంచి గుంజలా పైకి లేచింది. నేను పలుపు వదల్లేదు. వదలకూడదని తెలివితో కాదు, చెయ్యి వదలనంది. వాడు నన్ను బురద మీద, రాళ్ళ మీద ఈడ్చుకుంటూ గట్టెక్కించాడు. ఎడమ మోకాలి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. దాన్ని మొసలి కరిచిందని ఎవరూ అనకముందే చెబుతున్నాను, అది రాయి.

అన్నయ్య కత్తితో వచ్చేసరికి రెండు ఎద్దులూ గట్టు మీద వణుకుతూ నిలబడి ఉన్నాయి. పక్కనే నేను నది నీళ్ళు కక్కుకుంటున్నాను. అటు నుంచి పరుగెత్తుకొచ్చినవాళ్ళకి కనబడింది ఇది: ఎద్దులు బయట ఉన్నాయి, వాటికి తాడు లేదు, ఒళ్ళంతా తడిసిన కుర్రాడు చేతిలో కత్తితో ఉన్నాడు. ఎవరో "కోసిండు! శెభాష్!" అన్నారు. ఎర్రోడి వెనక వేలాడుతున్న తాడు ఎవరికీ పట్టలేదు. అన్నయ్య నోరు తెరిచాడు. భుజం మీద చరిచారు. నోరు మూసుకున్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. వాడికోసం చెప్పేవాళ్ళు అప్పటికే పది మంది తయారయ్యారు. కత్తి ఉన్నవాడికే కథ దక్కింది.

పొద్దు వాలకముందే అత్త దిగువ ఒడ్డున దిగి నడుచుకుంటూ ఇల్లు చేరింది. ఆమె వచ్చేసరికి అమ్మ అన్నయ్యకి మిరపకాయలతో దిష్టి తీస్తోంది. అత్త ఎవరినీ పలకరించలేదు, సరాసరి ఎద్దుల దగ్గరికి వెళ్ళింది. ఎర్రోడి మెడ చూసింది, తాడు ఉంది. తెల్లోడి మెడ చూసింది, తాడు లేదు, పలుపు ఉంది. పలుపు చుట్టూ వేలు తిప్పి చూసింది. తరవాత నన్ను చూసింది.

"ఏ కొస లాగినవ్?"

"మెడ కొస."

"కనబడ్డదా?"

"లేదు. కళ్ళు మూసుకున్న."

ఆమె "ఊఁ" అంది. అంతే. నన్ను కూర్చోబెట్టి తల తుడిచింది. బురద దువ్వి జడ వేసింది. చివర గుడ్డపేలికతో ఆ మడతల ముడే వేసింది, చిన్న కొస బయటికి వదిలి. కాలేజీలో నాకు పతకం ఇచ్చారు, వేదిక మీద శాలువా కూడా కప్పారు. ఆ జడముడితో సమానమైనది ఏదీ లేదు.

భోజనాల దగ్గర నేను ఊరుకోలేదు. అన్నయ్య కొయ్యలేదు, నేనే విప్పానని అన్నాను. నాన్నగారు నవ్వి, జ్వరం వస్తుందేమో పిల్లకి అన్నారు. నేను అత్త వైపు చూశాను. కొట్లో గుమాస్తా పిడికెడు ఉప్పు తక్కువ తూస్తే బాజారంతా వినబడేలా కడిగేసే మనిషి. ఆమె తలవంచుకుని మజ్జిగన్నం కలుపుకుంటోంది. ఒక్క మాట అనలేదు.

వరద తీశాక రేవులోకి వెళ్ళాం. తెల్లోడి గుంజ పక్కకి ఒరిగి ఉంది, దానికి అన్నయ్య తాళం ముడి అలాగే ఉంది. తాడు పూర్తి పొడుగూ ఇసకలో పడి ఉంది. రెండో కొసకి పసుపు దారం చెక్కుచెదరలేదు. అత్త మనుషుల చేత గుంజ పీకించి, కిందినుంచి తాడు జార్చి తీసింది. అన్నయ్య ఒక పూటంతా కొట్లో కూర్చుని ముడి విప్పబోయాడు. దబ్బనం విరిగింది. అత్త చూసి చూసి ఆ తాడు తీసుకుంది. అన్నయ్య కూర్చునే చోట, సరిగ్గా తల పైన, గోడకి మేకు కొట్టించి తగిలించింది. "అల్లుడి ముడి. ఉండనీ" అంది.

అన్నయ్య దాన్ని పొగడ్త అనుకున్నాడు. కొట్టు సిమెంటు భవనమైంది, అత్త పోయింది, రాజ్యమూ పోయింది, తాడు మాత్రం కొత్త గోడకి మళ్ళీ ఎక్కి, అత్త తగిలించినట్టే ఉంది. వచ్చినవాళ్ళకి చూపిస్తాడు, వరదకి కూడా ఊడని ముడి అని. అది చూపించి, అదే నోటితో, ఆ తాడు తను కోశానని చెబుతాడు. సాక్ష్యం అని ముందు చెప్పింది దీన్నే.

మొన్న కొట్లోనే చేసిన అన్నప్రాసనలో మొసలి రాగానే నేను లేచి ఆ గోడ దగ్గరికి వెళ్ళాను. "అన్నయ్యా, నువ్వు కోసిన తాడు ఇంత పొడుగుంది, చివర దారం కూడా ఉంది. కోసిన చోటేది, చూపించు" అన్నాను. అన్నయ్య తలెత్తి ఆ తాడుని చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి చివరిదాకా చూసినట్టున్నాడు.

"అది రెండో ఎద్దుది కావచ్చు" అన్నాడు మెల్లగా.

"రెండోది తాడుతోనే గట్టెక్కింది. ఆ ముడి నీదే. రోజూ నువ్వే చెబుతావు."

"నీ నోటితోని ఎవడు గెలుస్తడే తల్లీ" అన్నాడు. నవ్వబోయాడు గాని సరిగ్గా రాలేదు. మనవడు ఏడ్చాడు, వడ్డనలు మొదలయ్యాయి. నేను గెలిచానో లేదో ఎవరూ చెప్పలేదు. నా విస్తట్లోకి మాత్రం అన్నయ్యే స్వయంగా వచ్చి రెండోసారి పాయసం వడ్డించాడు.

ఆ ముడి నాతోనే ఉంది. హాస్టల్లో చేరడానికి వెళ్ళినప్పుడు తోటి అమ్మాయిలు పరుపుచుట్ట తాళ్ళు కొయ్యడానికి బ్లేడు వెతుక్కుంటుంటే, నేను ఒక్క కొస లాగి పరుపు పరిచాను. ఇల్లు మారినప్పుడల్లా లారీవాడు నా ముడులు చూసి, అమ్మగారూ మీరు ఎక్కడ పనిచేశారు అని అడుగుతాడు. మా ఆయన స్కూటరు మీద కట్టిన గ్యాసు బండ ఏనాడూ జారలేదు. నా కూతురికి నేర్పాను, స్తంభానికి కట్టే. అది కూడా ముందు ఏడ్చింది, తరవాత చుట్టూ చూసుకుంది.

ఒక్కటి మాత్రం నాకు ఇంకా విడలేదు. అత్త ఆ రాత్రి ఎందుకు మాట్లాడలేదు? కొట్టు రేపు అల్లుడిదవుతుంది, వాడి పరువు తీస్తే తన బండికి సరుకు రాదని లెక్క వేసుకుందా? అలాంటి లెక్కలు వేసే మనిషే అయితే, ఆ తాడుని ఎద్దులకి వాడుకోకుండా వాడి నెత్తి మీద ఎందుకు తగిలించింది? పసుపు దారం చుట్టిన ఆ కొసని మడిచి లోపలికి దోపకుండా, గోడ మీంచి కిందికి వేలాడేలా, ఆడపిల్లకి కూడా చెయ్యి అందేంత కిందికి ఎందుకు వదిలింది?

అత్తా, ఆ కొస నాకోసమేనా?